చెట్ల సంరక్షణలో విద్యార్థుల ఇంటర్న్‌షిప్: కృష్ణా డెల్టాలో కొలత, రికార్డు, అప్పగింత

వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులకు ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమం కింద 20 వారాల గ్రామీణ వ్యవసాయ పని అనుభవం తప్పనిసరి. అయిదవ డీన్ల కమిటీ సిఫార్సుల ప్రకారం ఇందులో 8 వారాలు గ్రామంలో రైతుల మధ్య, 5 వారాలు పరిశోధనా కేంద్రంలో లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో, 2 వారాలు మొక్కల వైద్యశాలలో, 3 వారాలు వ్యవసాయాధారిత పరిశ్రమలో గడపాలి. మిగిలిన 2 వారాలు ముందస్తు శిక్షణకు, నివేదికకు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి కూడా మూడేళ్ల సాధారణ డిగ్రీలో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది. మొదటి సంవత్సరం ముగిశాక రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరం ముగిశాక రెండు నెలలు, చివరి సంవత్సరంలో ఒక పూర్తి సెమిస్టరు ఇందుకు ఉద్దేశించినవి. ఈ రెండు ఏర్పాట్ల వలన చెట్ల పెంపకం, సంరక్షణ కార్యక్రమాలకు ఏటా విద్యార్థుల సహాయం అందుబాటులోకి వస్తోంది.

అయితే ఆ సహాయాన్ని దేనికి వినియోగించాలన్న విషయంలో స్పష్టత తక్కువ. సాధారణంగా నివేదికలో కనిపించేవి నాటిన మొక్కల సంఖ్య, పాల్గొన్నవారి సంఖ్య, నాటుతున్నప్పటి ఛాయాచిత్రాలు. చెట్టు ఆయుర్దాయం దశాబ్దాలలో లెక్కించవలసినది. విద్యార్థి ఉండేది వారాలు. ఈ అంతరాన్ని గుర్తించకుండా పని అప్పగిస్తే విద్యార్థి గుంత తీసే కూలీగా మిగిలిపోతాడు, కార్యక్రమానికి అదనంగా సమకూరేది ఏమీ ఉండదు. అంతరాన్ని గుర్తించి పని అప్పగిస్తే మాత్రం ఒక బృందం కొలిచిన చెట్టునే తరువాతి బృందం వెతికి పట్టుకొని మళ్లీ కొలవగలుగుతుంది. అయిదారు బృందాలు గడిచేసరికి ఏ ఒక్కరూ ఒంటరిగా సేకరించలేని సమాచారం తయారవుతుంది. విజయవాడ పరిసరాలు, కృష్ణా డెల్టా ఇటువంటి పనికి చాలా అనువైనవి. కొండ అడవి, నగరపు కాలువ గట్లు, వరి పొలాల గట్లు, సముద్రపు మడ అడవి నాలుగూ ఒక రోజు ప్రయాణంలోనే ఉన్నాయి.

కాలపట్టికలోని అనుకూలత

మొక్కలు నాటే కాలం తొలకరి తరువాత, జూలై, ఆగస్టు నెలలు. నాటిన మొక్క చనిపోయే కాలం ఎక్కువగా మరుసటి ఏప్రిల్ నుండి జూన్ వరకు. సాధారణ డిగ్రీ విద్యార్థుల వేసవి ఇంటర్న్‌షిప్ సరిగ్గా ఈ రెండవ కాలంలో పడుతుంది. మే నెలలో విద్యార్థుల చేత మొక్కలు నాటించడం వృథా శ్రమ. ఆ నెలలో వారు చేయగల అత్యంత విలువైన పని గత వర్షాకాలంలో నాటిన మొక్కల్లో ఎన్ని బ్రతికాయో, చనిపోయినవి ఎందుకు చనిపోయాయో లెక్కించడం. నీరందక ఎండినవి, పశువులు మేసినవి, చెదలు తిన్నవి, కంచె విరిగి తొక్కుడు పడినవి, నిప్పు తగిలినవి అని కారణాలను వేరు చేసి రాస్తే తరువాతి ఏడాది ఖర్చు ఎక్కడ పెట్టాలో కార్యక్రమ నిర్వాహకులకు తెలుస్తుంది. పశువుల వలన చనిపోయిన చోట ట్యాంకరు నీటికి డబ్బు వెచ్చించి ప్రయోజనం లేదు.

బ్రతికిన శాతం లెక్కలో ఒక చిక్కును విద్యార్థులకు ముందే చెప్పాలి. ఉదాహరణకు ఒక గట్టుపై 1,000 మొక్కలు నాటారనుకుందాం. వేసవికి 300 చనిపోయాయి. తరువాతి వర్షాల్లో ఖాళీలలో 250 కొత్త మొక్కలు నాటారు. ఆ వెంటనే లెక్కిస్తే గట్టుపై 950 మొక్కలు నిలిచి ఉంటాయి; నివేదికలో 95 శాతం అని నమోదవుతుంది. మొదట నాటిన వాటిలో బ్రతికినవి 70 శాతమే. మరుసటి వేసవిలో కొత్తవాటిలో 100, పాతవాటిలో 50 పోతే నిలిచినవి 800. దీనిని 80 శాతం అని రాసినా, నాటిన మొత్తం మొక్కలు 1,250 కనుక నిజమైన నిష్పత్తి 64 శాతం. రెండు అంకెలకూ ఉపయోగం ఉంది: మొదటిది గట్టు ఎంత నిండిందో చెబుతుంది, రెండవది అందుకు ఎన్ని మొక్కలు ఖర్చయ్యాయో చెబుతుంది. ఒకదానిని రెండవదాని స్థానంలో చూపడమే తప్పు. ఖాళీలలో నాటిన మొక్కలకు వేరే రంగు గుర్తు వేయడం వంటి చిన్న ఏర్పాటు ఈ గందరగోళాన్ని పూర్తిగా తొలగిస్తుంది.

వ్యవసాయ విద్యార్థుల గ్రామ నివాసం వర్షాకాలంలోకి వచ్చినప్పుడు విత్తన సేకరణ, నారు పెంపకం, నాటిన నెలలోపు తొలి లెక్క వారికి తగిన పనులు. ఆ తొలి లెక్క లేనిదే వేసవిలో వచ్చే డిగ్రీ విద్యార్థి లెక్కకు ఆధారం ఉండదు. కనుక రెండు రకాల విద్యార్థుల పనిని ఒకే రిజిస్టరులో కలపడం అవసరం. వేర్వేరు విశ్వవిద్యాలయాలు, వేర్వేరు నివేదికలు అన్న పరిపాలనాపరమైన హద్దు చెట్టుకు తెలియదు.

మడ అడవిలో నేర్చుకోవలసినది

కృష్ణా నది సముద్రంలో కలిసే నాగాయలంక, కోడూరు ప్రాంతాల మడ అడవులు కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రంలో భాగం. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న, గుగ్గిలం, కళింగ వంటి జాతులు ఇక్కడ పెరుగుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన జ్ఞాపకం ఇప్పటికీ సజీవంగా ఉన్న ఈ గ్రామాలలో తీరానికి అడ్డుగా చెట్లు ఉండవలసిన అవసరాన్ని ప్రత్యేకించి బోధించనక్కరలేదు. వంట చెరకు, పశువుల మేత, రొయ్యల చెరువుల విస్తరణ, నదిలో మంచినీటి ప్రవాహం తగ్గడం ఈ అడవిపై ఒత్తిడి తెచ్చిన ప్రధాన కారణాలు.

మడ అడవి పునరుద్ధరణలో అందరూ ముందుగా అడిగే ప్రశ్న ‘ఎన్ని మొక్కలు నాటారు’ అన్నది. ఇక్కడ ఆ ప్రశ్న చాలాసార్లు అసలు సమస్యను కప్పివేస్తుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1996లో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిశా తీరాలలో ప్రారంభించిన కార్యక్రమంలో కృష్ణా, గోదావరి ముఖద్వారాలు కూడా ఉన్నాయి. అటవీ శాఖ, గ్రామస్థులు ఇందులో భాగస్వాములు. క్షీణతకు ఆ సంస్థ చెప్పిన కారణం సరళమైనది. పూర్వం అడవిని విభాగాలుగా చేసి ఒక్కొక్క విభాగాన్ని మొత్తంగా నరికేవారు. నీడ పోయిన బురద నేల ఎండకు తేమ కోల్పోయి కుంగి పళ్లెంలా మారింది. పోటుకు లోపలికి వచ్చిన ఉప్పునీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరైంది. ఏటికేడు ఉప్పు పేరుకుపోయి, సముద్రపు నీటికన్నా ఎక్కువ లవణీయతకు చేరిన నేలలో మడ విత్తనం కూడా నిలదొక్కుకోలేదు.

అందువలన చికిత్స కూడా నీటితోనే మొదలైంది. ఏటిపాయ నుండి ఒక ప్రధాన కాలువను, దానికి ఇరువైపులా ఏటవాలు కోణంలో పిల్లకాలువలను తవ్వారు. పైనుండి చూస్తే చేప వెన్నెముకలా కనిపించే ఈ అమరిక ద్వారా పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు తిరిగి వెళ్తుంది. ఉప్పు క్రమంగా కడుక్కుపోతుంది. ఆ తరువాతనే కాలువ గట్ల వాలులో మొక్కలు నాటారు. నీరు సరిగా ఆడిన చోట పక్క చెట్ల విత్తనాలు కొట్టుకొచ్చి వాటంతట అవే మొలుస్తాయి. ఈ కాలువలు బురదతో పూడిపోయే స్వభావం కలవి. పూడిక తీయకపోతే నేల మళ్లీ పాత స్థితికి చేరుతుంది.

ఇంటర్న్‌షిప్ విద్యార్థికి ఇంతకన్నా చక్కని పని దొరకదు. కాలువ పొడవునా స్థిరమైన స్థానాలలో లోతు, వెడల్పు కొలవడం. అవే స్థానాలలో చేతి పరికరంతో నీటి లవణీయత చూడడం. గట్టు నుండి దూరం పెరిగేకొద్దీ మట్టి నమూనాల విద్యుద్వాహకతను ప్రయోగశాలలో నిర్ధారించడం. సహజంగా మొలిచిన మొక్కలను జాతి వారీగా లెక్కించడం. ఈ నాలుగు పనులకూ ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చౌడు నేలలు, ఉప్పునీటి యాజమాన్యంపై బాపట్లలో దీర్ఘకాలంగా పరిశోధన జరుగుతున్నందున విశ్లేషణ పద్ధతులు నేర్పడానికి విశ్వవిద్యాలయంలోనే అనుభవం ఉంది. వర్షాకాలంలో కృష్ణకు వరద వచ్చినప్పుడు పాయల్లో లవణీయత తగ్గుతుంది, మే నెలకు గరిష్ఠానికి చేరుతుంది. కనుక కొలత ఏ నెలలో, ఏ తిథిలో, పోటు వేళా పాటు వేళా అన్నది నమోదు చేయని అంకెకు విలువ లేదు. అమావాస్య, పౌర్ణములకు పోటు ఎక్కువ; అష్టమి నాటి కొలతను పౌర్ణమి నాటి కొలతతో పోల్చి ‘కాలువ పనిచేయడం లేదు’ అని తేల్చడం అన్యాయం.

చెట్టు జాతుల పేర్లు, పోటు వేళలు, ఏ పాయలో ఏ కాలంలో పీతలు దొరుకుతాయన్న విషయాలు తెలిసినవారు మత్స్యకారులు, యానాదులు. విద్యార్థి మొదటి వారమంతా వారి వెంట తిరిగి పేర్లు రాసుకోవడం మంచిది. మడ విత్తనం తల్లి చెట్టుపై ఉండగానే మొలకెత్తడం ఆరంభిస్తుందని పాఠ్యపుస్తకంలో చదివిన విద్యార్థికి, ఏ విత్తనం పండిందో, ఏది పచ్చిదో చూపించగలిగేది వారే. వారిని కేవలం పడవ నడిపేవారిగా చూసిన బృందం సగం చదువు అక్కడే వదిలి వస్తుంది. దినకూలీ నష్టపోయే వారికి ఆ రోజు వేతనం చెల్లించే పద్దు ఇంటర్న్‌షిప్ బడ్జెట్‌లో ఉండాలి. వారిచ్చిన సమాచారాన్ని నివేదికలో వారి సమ్మతితోనే నమోదు చేయాలి.

తెల్లపొనికి

విజయవాడకు సమీపంలోని కొండపల్లి బొమ్మలకు ఆధారమైన తెల్లపొనికి చెట్టు సంరక్షణ మరొక రకమైన సమస్య. శాస్త్రీయంగా జివోటియా ప్రజాతికి చెందిన ఈ చెట్టు ఆముదపు కుటుంబానిది. పొడి కొండ వాలులలో, రాతి నేలల్లో పెరిగి వేసవిలో ఆకు రాలుస్తుంది. చెక్క చాలా తేలిక, మెత్తన; ఉలికి సులభంగా లొంగుతుంది. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, రంగులు వేస్తారు. బొమ్మకు భౌగోళిక గుర్తింపు లభించింది, కాని గుర్తింపు పత్రం చెక్కను పుట్టించదు. ఇతర చెక్కతో బొమ్మ చేయవచ్చు. అది అంత తేలికగా ఉండదు, అంత సన్నని పనికి లొంగదు. చెక్క కొరత గురించి కళాకారులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు.

ఈ చెట్టును పెంచడంలోని కష్టం విత్తనం దగ్గర మొదలవుతుంది. గట్టి పెంకు కారణంగా విత్తనం సులభంగా మొలవదు. ఆడ పూలు, మగ పూలు వేర్వేరు చెట్లపై పూస్తాయి. బొమ్మలకు పనికివచ్చే కాండం కోసం చెట్లను నరుకుతూ పోతే ఒక వాలులో మిగిలినవన్నీ ఒకే లింగానివి కావచ్చు, లేదా ఆడ చెట్టుకు అందుబాటు దూరంలో మగ చెట్టు లేకపోవచ్చు. చూపుకు చెట్లు నిలిచే ఉంటాయి. కాయ మాత్రం పడదు. కనుక ‘ఎన్ని చెట్లు ఉన్నాయి’ అన్న లెక్క ఒక్కటే చాలదు. ఏవి ఆడవి, ఏవి మగవి, ఏవి ఇంకా పూతకు రానివి, ఒకదాని నుండి మరొకటి ఎంత దూరం అన్నది తెలియాలి.

ఒక విడత ఇంటర్న్‌షిప్‌లో ఇది తేలదు. పూత కాలంలో అక్కడ ఉండే బృందం లింగాన్ని గుర్తించాలి, కాయ పండే కాలంలో ఉండేది కాపును లెక్కించాలి, ఆ తరువాతి బృందం మొలక పరీక్షలు చేయాలి. ప్రతి చెట్టుకూ ఒకే సంఖ్య కొనసాగితేనే మూడు పనులూ కలుస్తాయి. మొలక పరీక్షల్లో పెంకును గీరడం, నానబెట్టడం, పెంకు తొలగించడం వంటి పద్ధతులను ఒకే చెట్టు విత్తనాలపై పక్కపక్కనే పోల్చాలి. వేర్వేరు చెట్ల విత్తనాలను కలిపేసి పరీక్షిస్తే తేడా పద్ధతి వలన వచ్చిందో తల్లి చెట్టు వలన వచ్చిందో తెలియదు. కనీసం నాలుగు పునరావృతాలు, శుద్ధి చేయని విత్తనాలతో ఒక పోలిక వరుస ఉండాలన్నది మూడవ సంవత్సరం విద్యార్థికి తెలిసిన పాఠమే, అడవిలోకి వెళ్లాక మరచిపోయేది కూడా అదే. మొలవని విత్తనాలను పారేయకుండా కోసి చూడాలి: లోపల పప్పు ఉందా, ఖాళీదా, పురుగు తిన్నదా అన్నది మొలక శాతమంత ముఖ్యమైన సమాచారం. రక్షిత అడవి నుండి విత్తనం సేకరించడానికి అటవీ శాఖ అనుమతి విద్యార్థి రాకముందే తీసుకొని ఉంచాలి. అనుమతి కోసం తిరగడంలోనే ఇంటర్న్‌షిప్ సగం గడిచిపోకూడదు.

బొమ్మల కళాకారుల వద్ద గడపవలసిన రోజులు కూడా ప్రణాళికలో ఉండాలి. ఎంత లావు కొమ్మ సరిపోతుంది, ఎంత ముదిరిన చెక్క కావాలి అన్నది వారు చెప్పాలి. చెట్టును మొదలంటా నరకకుండా కొమ్మలు తీసుకొనే అవకాశం ఎంతవరకు ఉందన్నది ఆ సమాధానంపై ఆధారపడి ఉంటుంది.

కాలువ గట్లు, పొలం గట్లు

విజయవాడ నగరం గుండా ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ప్రవహిస్తున్నాయి. వాటి గట్లపైనా రోడ్ల పక్కనా ఉన్న రావి, మర్రి, వేప, కానుగ, నిద్రగన్నేరు చెట్లకు సంఖ్యలు వేసి ఒక మూలపట్టిక తయారు చేయడం నగర కళాశాలల విద్యార్థులకు తగిన పని. దాని అవసరం 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు గండ్లు పడి అజిత్‌సింగ్ నగర్ తదితర ప్రాంతాలలో రోజుల తరబడి నీరు నిలిచింది. వేళ్లకు గాలి అందని ఆ స్థితిని ఏ జాతి తట్టుకున్నది, ఏది ఏడాదిలోపు ఎండింది అని చెప్పాలంటే వరదకు ముందు ఏ చెట్టు ఎక్కడ ఏ స్థితిలో ఉన్నదో తెలియాలి. 2021లో తెలుగు రాష్ట్రాలలో వేప చెట్ల కొమ్మలు చివరి నుండి ఎండిపోవడం ప్రారంభమైనప్పుడూ ఇదే పరిస్థితి. ఫోమోప్సిస్ శిలీంధ్రం కారణంగా వచ్చే ఆ తెగులు సోకిన చెట్లు అనేకం తరువాత చిగురించాయి. అయితే ఎన్ని కోలుకున్నాయి అన్న ప్రశ్నకు అవే చెట్లను మళ్లీ చూసినవారు మాత్రమే జవాబివ్వగలరు.

పొలం గట్లపై చెట్ల విషయంలో రైతు వాదనను వినకుండా సర్వే ప్రారంభించరాదు. నీడ వలన వరి దిగుబడి తగ్గుతుందని, యంత్రం తిరగదని అతను చెప్పే మాటలో నిజం ఉంది. తాడి విషయంలో నీడ తక్కువ, ప్రయోజనం ఎక్కువ అయినా, పూతకు రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టే చెట్టును కొత్తగా నాటేవారు అరుదు. పోతుతాడి, పెంటితాడి లెక్క, వాటి వయసు అంచనా, ఏటా నరికినవి, మొలిచినవి అన్న నాలుగు అంకెలు గ్రామానికి ఒక పుట చాలు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చెట్టు నరకడానికి ఉన్న నియమాలు విద్యార్థికి తెలిసి ఉండాలి. కాని సర్వేకు వచ్చిన విద్యార్థిని ఫిర్యాదుదారుగా రైతు అనుమానిస్తే మరుసటి ఏడాది బృందాన్ని గట్టు మీదికి రానివ్వడు.

కొలతలో జాగ్రత్తలు

చుట్టుకొలత నేల నుండి 1.37 మీటర్ల ఎత్తులో తీయడం మన దేశంలో అటవీ గణనలో ఉన్న ఆచారం. వాలు నేలపై ఎగువ వైపు నుండి ఎత్తు కొలవాలి. పొన్న వంటి ఊతవేళ్ల చెట్లకు పై వేరు కలిసిన చోటికి 30 సెంటీమీటర్ల పైన కొలుస్తారు. కొలిచిన చోట సన్నని రంగు గీత గీయకపోతే మరుసటి బృందం నాలుగు అంగుళాలు పైనో కిందో కొలుస్తుంది. నెమ్మదిగా పెరిగే చెట్టు ఏడాది పెరుగుదలంతా ఆ తేడాలో కలిసిపోతుంది. కొన్నిసార్లు చెట్టు సన్నబడినట్లు కూడా తేలుతుంది. అటువంటి అంకెను సరిదిద్ది రాయకూడదు. ఉన్నది ఉన్నట్లు రాసి పక్కన గుర్తు పెట్టాలి.

ప్రతి పదవ చెట్టును అదే రోజు వేరొక విద్యార్థి మళ్లీ కొలవాలి. ఈ రెండు కొలతల మధ్య తేడాయే ఆ బృందపు దోష పరిమితి. ఫోనులోని స్థాన సమాచారం కొమ్మల కింద అనేక మీటర్ల తేడా చూపుతుంది కనుక ‘మూడవ తూముకు తూర్పున పన్నెండు అడుగులు’ వంటి గ్రామ భాషలోని ఆనవాలు కూడా రాయాలి. అల్యూమినియం బిళ్లను మేకు పూర్తిగా దిగగొట్టకుండా కొంత ఖాళీ వదిలి బిగించాలి, లేకపోతే బెరడు దానిని మింగేస్తుంది.

మూల్యాంకనం, అప్పగింత

ప్రస్తుత మార్కుల విధానంలో నివేదిక పరిమాణానికి, ప్రదర్శనకు ఉన్న ప్రాధాన్యం రికార్డు నాణ్యతకు లేదు. దీనికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. ఒక బృందం తయారు చేసిన పట్టికను, పటాన్ని ఆ ప్రాంతాన్ని ఎన్నడూ చూడని ఇద్దరు విద్యార్థులకు ఇచ్చి, ఒక రోజులో ఇరవై చెట్లను వెతికి కొలవమనాలి. ఎన్ని దొరికాయి, కొలతలు ఎంతవరకు సరిపోయాయి అన్నదానిపై మొదటి బృందానికి మార్కులు ఇవ్వాలి. ఈ పరీక్ష ఉంటుందని ముందుగా తెలిస్తే విద్యార్థులు మొదటి రోజు నుండే వేరొకరి కోసం రాయడం అలవాటు చేసుకుంటారు. మొక్కలు చనిపోయిన లెక్క ఎక్కువగా చూపిన బృందానికి మార్కులు తగ్గించరాదని కూడా లిఖితపూర్వకంగా ఉండాలి. లేకపోతే మే నెల లెక్కలన్నీ అందంగా కనిపిస్తాయి.

రిజిస్టరు ఎవరి వద్ద ఉండాలన్నది చివరి ప్రశ్న. విద్యార్థి వెళ్లిపోతాడు, మార్గదర్శక అధ్యాపకుడు బదిలీ కావచ్చు. గరికపాడు, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాల వంటి స్థిరమైన సంస్థలో ఒక ప్రతి, అటవీ శాఖ స్థానిక కార్యాలయంలో ఒక ప్రతి, గ్రామ సచివాలయంలో లేదా వన సంరక్షణ సమితి వద్ద తెలుగులో ఒక ప్రతి ఉంచడం ఆచరణ సాధ్యం. కొత్త బృందం చేరిన మొదటి మూడు రోజులు పాత బృందం నుండి కనీసం ఒకరు చెట్ల దగ్గరే ఉండి అప్పగించాలి. ఆ మూడు రోజుల ప్రయాణ ఖర్చు, వసతి కళాశాల భరించాలి.